క్యాంపులో పుట్టిన పిల్లాడికి ఏసీ మెకానిక్ పని నేర్పించాలి, కానీ అప్రెంటిస్‌షిప్ దగ్గరే ఆగిపోతోంది

అంబత్తూరు వర్క్‌షాప్ (శుక్రవారం రాత్రి)

అందరికీ నమస్కారం. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఏసీ, చిల్లర్ సర్వీసు షాపు నాది. మాది నెల్లూరు దగ్గర పల్లెటూరు. ఇక్కడికి వచ్చి స్థిరపడి చాలా కాలమైంది.

మా షాపుకి రంగులు వేసే ఆయన పుళల్ శరణార్థుల క్యాంపులో ఉంటారు. శ్రీలంక తమిళులు. వాళ్లబ్బాయి ప్లస్ టూ పాసయ్యాడు. పుట్టింది ఇక్కడే, చదివింది ఇక్కడి గవర్నమెంటు స్కూల్లోనే. సెలవుల్లో మా దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. కాపర్ పైపు బ్రేజింగ్ (వేడి చేసి అతకడం) ఒకసారి చూపిస్తే రెండోసారికి చేతికి వచ్చేసింది. ఇలాంటి చెయ్యి అరుదుగా కనపడుతుంది, నిజంగా చెప్తున్నాను.

వాడు ఒక పెద్ద ఏసీ కంపెనీలో ట్రైనీగా అప్లై చేశాడు. టెస్టు పాసయ్యాడు. కాగితాల దగ్గర 'నేషనాలిటీ' అనే గడిలో ఏం రాయాలో తెలియక క్యాంపు కార్డు చూపించాడు. రెండు రోజుల్లో 'మీ కేసు మా పాలసీకి సరిపోదు' అని మెయిల్. కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఆ పిల్లాడు ఇప్పుడు నాన్నతోపాటు పెయింటింగ్ పనికి పోతున్నాడు. నాకు చాలా బాధగా ఉంది.

ఐటీఐలో చేర్చవచ్చా? చేర్చితే తర్వాత అప్రెంటిస్‌షిప్ వస్తుందా? నేనే తీసుకుంటే చట్టపరంగా నాకు, వాడికి ఏమైనా ఇబ్బందా? తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ ఫిట్టర్ మాస్టారు (శుక్రవారం రాత్రి)

బాబూ, నేను గవర్నమెంటు ఐటీఐలో ఇన్‌స్ట్రక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ముందు అడ్మిషన్ సంగతి చెప్తాను.

తమిళనాడులో క్యాంపు పిల్లలు స్కూళ్లలో, కాలేజీల్లో, ఐటీఐల్లో చదువుతూనే ఉన్నారు. నా క్లాసులోనే కొందరు ఉండేవారు. ఏసీ ట్రేడుకి పది పాసై ఉంటే చాలు, రెండేళ్ల కోర్సు. అంబత్తూరులో, గిండీలో, నార్త్ చెన్నైలో గవర్నమెంటు ఐటీఐలు ఉన్నాయి. గవర్నమెంటు ఐటీఐలో ఫీజు భారం ఉండదు. నెలకు 750 రూపాయలు స్టైపెండు, బస్ పాస్, యూనిఫాం, సైకిల్ ఇస్తారు. పుళల్ నుంచి అంబత్తూరు రోజూ వచ్చి పోవచ్చు కాబట్టి హాస్టల్ గొడవ కూడా లేదు. ఇది చిన్న విషయం కాదు. క్యాంపు పిల్లలు రాత్రుళ్లు బయట ఉండాలంటే రెవెన్యూవాళ్లకి చెప్పాలి, ప్రభుత్వం నెలవారీ డబ్బులిచ్చే రోజున తలల లెక్కకి కుటుంబం అందుబాటులో ఉండాలి. దూరపు ఊళ్లో మంచి ట్రేడు దొరికినా పంపడానికి తల్లిదండ్రులు జంకేది అందుకే.

అసలు చిక్కు ఐటీఐ గేటు బయట మొదలవుతుంది. రెండేళ్లు చదివి ఎన్‌టీసీ (నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్) తెచ్చుకుంటారు. పై మెట్టు అప్రెంటిస్‌షిప్. అక్కడ కంపెనీ ఒప్పుకోవాలి. ఆధార్ చాలామంది క్యాంపు కుటుంబాలకు ఉంది కాబట్టి పోర్టల్లో పేరు నమోదు కావచ్చు. కానీ హెచ్‌ఆర్ వాళ్లు ఓటరు కార్డో పాస్‌పోర్టో అడుగుతారు. పోలీస్ వెరిఫికేషన్ అంటారు. క్యాంపు అడ్రసు చూడగానే ఫైలు పక్కన పెడతారు. నా దగ్గర ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఫస్ట్ వచ్చిన పిల్లాడు చివరికి కాంట్రాక్టరు కింద రోజుకూలీకి వైరింగ్ లాగాడు. సర్టిఫికెట్ ట్రంకు పెట్టెలో ఉంది.

మేడవాక్కం గృహిణి (శుక్రవారం రాత్రి)

అన్నా, ఆ అబ్బాయిని పెయింటింగ్‌కి పూర్తిగా అలవాటు పడనివ్వకండి. మా అపార్ట్‌మెంటుకి రంగులు వేయడానికి వచ్చినవాళ్లలో సగంమంది క్యాంపు వాళ్లే. అందులో ఒకతను బీకాం. రోజు కూలీ చేతికి రావడం మొదలైతే మళ్లీ రెండేళ్లు కూర్చుని చదవడం కష్టం. ఇంట్లో అవసరాలు అలాంటివి.

హైకోర్టు జూనియర్ (శనివారం ఉదయం)

చట్టం సంగతి నేను చెప్తాను. ఓపికగా చదవండి, ఎందుకంటే ఈ పిల్లాడి సమస్య మొత్తం ఇందులోనే ఉంది.

భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టం లేదు. 1983 జులై అల్లర్ల తర్వాత పడవల్లో వచ్చినవాళ్లను ప్రభుత్వం చేరదీసింది, క్యాంపుల్లో పెట్టింది, నెలనెలా డబ్బులు, బియ్యం ఇచ్చింది. అదంతా ఆదేశాల మీద, దయ మీద నడుస్తున్న ఏర్పాటు. 1991లో రాజీవ్ గాంధీ హత్య తర్వాత అదే క్యాంపుల మీద నిఘా, ఆంక్షలు ఎలా బిగిశాయో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. హక్కుగా రాసిపెట్టి లేనిది ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు.

పౌరసత్వానికి పుట్టిన తేదీ ముఖ్యం. 1987 జులై 1కి ముందు ఇక్కడ పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. మండపం క్యాంపులో 1986లో పుట్టిన ఒకావిడకు పాస్‌పోర్టు ఇవ్వాలని మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ 2022లో ఆదేశించింది. ఆవిడ 2024 ఎన్నికల్లో ఓటు కూడా వేశారు. ఆ తేదీ నుంచి పుడితే తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 తర్వాత పుడితే ఒకరు పౌరులు కావాలి, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. మీ పిల్లాడు ఆ తర్వాతే పుట్టి ఉంటాడు. పాస్‌పోర్టు లేకుండా పడవలో వచ్చినవాళ్లను 2003 సవరణ అక్రమ వలసదారుల కింద లెక్కవేస్తుంది, కాబట్టి దరఖాస్తు పెట్టుకుని పౌరసత్వం తెచ్చుకునే దారీ మూసుకుపోయింది. 2019 పౌరసత్వ సవరణ చట్టం (సీఏఏ)లో మూడు దేశాల పేర్లున్నాయి, శ్రీలంక లేదు. అటు శ్రీలంక వైపు కూడా, డిప్యూటీ హైకమిషన్‌లో జననం నమోదు చేయించి ఉండకపోతే వాడు అక్కడి పౌరుడూ కాడు.

ఒక ఊరట ఉంది. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం అమల్లోకి వచ్చింది. దానితోపాటు వచ్చిన మినహాయింపు ఆదేశంలో, 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేవన్న కారణంతో శిక్ష పడకుండా మినహాయింపు ఇచ్చారు. కాబట్టి వాడు జైలు భయంతో బతకనక్కర్లేదు. కానీ పని చేసుకోవచ్చని, ట్రైనింగ్ పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండవచ్చని ఏ కాగితం మీదా రాసి లేదు. పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ భయపడేది ఆ కాగితం లేకే.

రెడ్‌హిల్స్ డీజిల్ (శనివారం ఉదయం)

నేను సూటిగా మాట్లాడతాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మా తమ్ముడి కొడుకు ఫిట్టర్ ట్రేడు పాసయ్యాడు. ఇప్పటికీ ఒరగడం ఫ్యాక్టరీ ఏరియాలో కాంట్రాక్టు మీదే ఉన్నాడు. మన పిల్లలకే పర్మినెంటు లేనప్పుడు ఉన్న అప్రెంటిస్ సీట్లు బయటివాళ్లకు ఇస్తే ఎలా? క్యాంపువాళ్లకి ఇల్లు, బియ్యం, డబ్బులు అన్నీ ప్రభుత్వమే ఇస్తోంది కదా. నాకు వాళ్ల మీద కోపం లేదు. మన ఇంటి పిల్లల సంగతి ఎవరు చూస్తారన్నదే నా బాధ.

రిటైర్డ్ ఫిట్టర్ మాస్టారు (శనివారం మధ్యాహ్నం)

డీజిల్ గారూ, మీ బాధ న్యాయమైనదే. మీ తమ్ముడి కొడుకుని కాంట్రాక్టు మీద పెట్టింది కంపెనీ, క్యాంపు పిల్లాడు కాదు. ఇంకో మాట. కాగితాలు లేని పనివాడు తక్కువ కూలీకి దొరుకుతాడు. ఆ తక్కువ కూలీయే మన పిల్లల కూలీని కూడా కిందికి లాగుతుంది. వాడికీ సర్టిఫికెట్, ఈఎస్‌ఐ, పీఎఫ్ ఉంటే కాంట్రాక్టరు ఇద్దరికీ ఒకే రేటు ఇవ్వక తప్పదు. ఏసీ ట్రేడులో మంచి చెయ్యి ఉన్నవాడి కోసం షాపులవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఎండాకాలంలో ఒక్క మెకానిక్ దొరకడు, మీకూ తెలుసు.

సూళ్లూరుపేట టీచర్ (శనివారం సాయంత్రం)

నేను గుమ్మిడిపూండి వైపు నుంచి రోజూ రైల్లో వెళ్లి వస్తాను. అక్కడ పెద్ద క్యాంపు ఉంది. దాన్ని దాటి కాస్త దూరం వెళ్తే ఆరంబాక్కం, తడ, ఆ పక్కనే శ్రీసిటీ. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సులు మన వైపు ఊళ్లన్నీ తిరిగి పిల్లల్ని ఎక్కించుకుంటాయి. క్యాంపు పిల్లలు ఆ బస్సుల్ని చూస్తూ పెరుగుతున్నారు. రాష్ట్రం మారితే పర్మిషన్ కావాలి, కంపెనీకి ఐడీ కావాలి. కళ్లెదుట ఉన్న పని వాళ్లకు అందదు.

టీచరుగా నన్ను బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. పౌరుడా కాదా అని అడగదు. ఐటీఐలో చేరడానికి కనీస వయసు పద్నాలుగు. అంటే చట్టం చెయ్యి వదిలేసే వయసు, పని నేర్చుకోవడం మొదలుపెట్టాల్సిన వయసు ఒక్కటే. మామూలు ఇంటి పిల్లాడికి అక్కడ ఇల్లు, చుట్టాలు, కులం, ఓటు ఏదో ఒకటి ఆసరా అవుతాయి. ఈ పిల్లలకు అవేవీ లేవు. తొమ్మిదిలో చురుగ్గా ఉన్న మగపిల్లలు పదకొండుకి వచ్చేసరికి చదువు మీద ఆశ వదిలేయడం కళ్లారా చూశాను. "చదివి ఏం చేస్తాం టీచర్, పెయింటింగే కదా" అంటారు. ఆ మాటకి నా దగ్గర జవాబు ఉండాలి. అందుకే ఈ థ్రెడ్ వదలకుండా చదువుతున్నాను.

2021 ఆగస్టులో ముఖ్యమంత్రి స్టాలిన్ గారు అసెంబ్లీలో సుమారు 317 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. కొత్త ఇళ్లు, ఇంజనీరింగ్ విద్యార్థుల ఫీజులు, యువతకి నైపుణ్య శిక్షణ అందులో ఉన్నాయి. కుటుంబ పెద్దకు నెలకు 1,500, మిగతా పెద్దవాళ్లకు 1,000, పిల్లలకు 500 చేశారు. ఇళ్లు నిజంగానే మారాయి. శిక్షణ తర్వాత ఉద్యోగం ఇవ్వమని కంపెనీలను ఒప్పించే పని మాత్రం ఇంకా జరగాల్సి ఉంది.

స్టుట్‌గార్ట్ నుంచి (శనివారం రాత్రి)

నేను పెరంబూరు వాణ్ణి. ఇప్పుడు జర్మనీలో మెషిన్ టూల్స్ కంపెనీలో ఉన్నాను. అక్కడ కూడా ఇదే సమస్య వచ్చింది, వాళ్లు ఒక దారి వేశారు. దాని గురించి చెప్తాను.

శరణు దరఖాస్తు తిరస్కరించినా వెంటనే వెనక్కి పంపలేని వాళ్లకు అక్కడ 'డుల్డుంగ్' అనే కాగితం ఇస్తారు. నివాస హక్కు కాదు, 'ప్రస్తుతానికి పంపడం లేదు' అని మాత్రమే. కొన్ని నెలలకోసారి పొడిగించుకోవాలి. అక్కడి వృత్తి శిక్షణేమో మూడేళ్లు, మూడున్నరేళ్లు ఉంటుంది. వారంలో ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాల, మిగతా రోజులు కంపెనీలో పని. మూడు నెలల కాగితం ఉన్న కుర్రాడిని మూడేళ్ల శిక్షణకి ఏ యజమాని తీసుకుంటాడు? సగంలో పోలీసులు వచ్చి విమానం ఎక్కిస్తే పెట్టిన ఖర్చంతా పోతుంది. చిన్న కంపెనీలవాళ్లు, వడ్రంగులు, బేకరీలవాళ్లు గట్టిగా అడిగారు.

2016లో చట్టం మార్చారు. శిక్షణలో చేరినవాడిని అది పూర్తయ్యేదాకా పంపరు. పాసై అదే వృత్తిలో పని దొరికితే ఇంకో రెండేళ్లు ఉండనిస్తారు. దాన్ని 'మూడు ప్లస్ రెండు' అంటారు. 2020 నుంచి దానికి నివాస చట్టంలో వేరే సెక్షనే పెట్టారు. 2024 మార్చి నుంచి శిక్షణ కోసం అసలైన నివాస పర్మిటే ఇచ్చే దారి కూడా వచ్చింది. షరతులు కఠినమే. తానెవరో రుజువు చేసుకోవాలి. శిక్షణ మధ్యలో మానేస్తే ఆ సంగతి కంపెనీయే ప్రభుత్వాధికారులకు చెప్పాలి. మానేసినవాడికి వేరే చోటు వెతుక్కోవడానికి ఒకసారి ఆరు నెలలు ఇస్తారు. స్వదేశపు ఎంబసీ కాగితాలు ఇవ్వక అక్కడే ఇరుక్కుపోయినవాళ్లు చాలామంది. అంతా బాగుందని నేను చెప్పను. మా షాప్‌ఫ్లోర్‌లో అలా వచ్చిన ఆఫ్ఘన్ కుర్రాడు ఇప్పుడు సీఎన్‌సీ మీద పనిచేస్తున్నాడు. శిక్షణ అయ్యేదాకా ఎవరూ పంపరని తెలిశాకే వాడికి రాత్రుళ్లు నిద్ర పట్టిందట. ఆ టెన్షన్ తగ్గాకే భాష కూడా త్వరగా వచ్చింది.

మనవాళ్లు చేయాల్సింది కూడా అదే అనిపిస్తుంది. పౌరసత్వం పెద్ద రాజకీయ ప్రశ్న, అది తేలేసరికి ఏళ్లు పడుతుంది. 'ఈ విద్యార్థి కోర్సు, అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసి ఇన్నేళ్లు పని చేసుకోవచ్చు' అని ఒక్క ఉత్తరం ఇస్తే చాలు, కంపెనీల భయం సగం పోతుంది.

హైకోర్టు జూనియర్ (శనివారం రాత్రి)

మంచి మాట చెప్పారు. మన దగ్గర అలాంటి ఏర్పాటు అసలు లేదని కాదు. 2011 డిసెంబరులో కేంద్ర హోంశాఖ పెట్టిన విధానం ప్రకారం శరణార్థులమని చెప్పుకునే విదేశీయుల కేసు పరిశీలించి లాంగ్ టర్మ్ వీసా ఇవ్వవచ్చు. ఆ వీసా ఉన్నవాళ్లు ప్రైవేటు ఉద్యోగం చేయవచ్చు, ఏ విద్యాసంస్థలోనైనా చదవవచ్చు. క్యాంపు కుటుంబాలకు ఆ మాటే రాతపూర్వకంగా ఇవ్వండని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. రాజ్యాంగంలోని 21వ అధికరణం (జీవించే హక్కు) పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని అరుణాచల్ చక్మా శరణార్థుల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

కేళంబాక్కం వాలంటీర్ (ఆదివారం ఉదయం)

అందరూ క్యాంపు కార్డు సరిపోవడం లేదంటున్నారు. ఆ కార్డు కూడా లేనివాళ్ల గురించి ఒక మాట. కేళంబాక్కంలో తుపాను షెల్టరులో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఏళ్లుగా ఉంటున్నాయి. వాళ్ల దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు ఉంటుంది. దాంతో ఆధార్ రాదు. ఆధార్ లేనిదే కేంద్ర ప్రభుత్వ నైపుణ్య కోర్సుల్లో పేరు నమోదు కాదు. పిల్లలు పంచాయతీ స్కూలుకి వెళ్తారు. తమిళం గడగడా మాట్లాడతారు. స్కూలయ్యాక మగపిల్లలు పాత సామాన్లు ఏరే పనిలోకి పోతారు, ఆడపిల్లలకు పెళ్లి.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రోహింగ్యా పిల్లలు అడ్మిషన్ కోసం ముందు స్కూళ్లకు వెళ్లి అడగాలని, కాదంటే హైకోర్టుకు రావచ్చని చెప్పింది. అది స్కూలు వరకే. టైలరింగ్ మిషన్ మీద చురుగ్గా పనిచేసే అమ్మాయిని ఎక్కడ చేర్చాలో తెలియక నేను తిరుగుతున్నాను. ఇక్కడ ఎవరికైనా ఆధార్ అడగని సొంత సర్టిఫికెట్ ఇచ్చే ట్రస్టు సెంటర్ తెలిస్తే నాకు మెసేజ్ పెట్టండి.

మైలాపూర్ పెద్దాయన (ఆదివారం ఉదయం)

అమ్మా, మెసేజ్ పెట్టాను. మా ఆవిడ వాళ్ల మహిళా మండలి కుట్టు సెంటరులో ఆధార్ అడగరు.

మాది రంగూన్ నుంచి వచ్చిన కుటుంబం. మా నాన్నగారు అక్కడ రైసు మిల్లులో మేస్త్రీ. 1960లలో ఉన్నదంతా వదిలేసి ఓడలో మద్రాసు వచ్చారు. కానీ మమ్మల్ని 'తిరిగి వచ్చినవాళ్లు' అని రాసుకున్నారు, పౌరులుగా చూశారు. అప్పులిచ్చారు, బజారులో కొట్లు ఇచ్చారు. బర్మా, సిలోన్ (నేటి శ్రీలంక) నుంచి వచ్చినవాళ్ల కోసం 1969లో ప్రత్యేకంగా రెప్కో బ్యాంకే పెట్టారు, నేటికీ ఉంది. మా అన్నయ్య ఆ రోజుల్లో లేత్ పని నేర్చుకుని గిండీ ఎస్టేట్‌లో జీవితమంతా గడిపాడు. 1964 శాస్త్రి–సిరిమావో ఒప్పందం కింద సిలోన్ టీ తోటల నుంచి వచ్చినవాళ్లదీ అదే దారి.

ఇప్పుడు క్యాంపుల్లో ఉన్నవాళ్లలో చాలామంది ఆ తోటల కూలీల మనవలు, మునిమనవలే. ఒప్పందం గడువులోపు ఓడ ఎక్కినవాళ్లు పౌరులయ్యారు. యుద్ధంలో పడవ ఎక్కినవాళ్లు కాలేకపోయారు. 2019లో మద్రాసు హైకోర్టు వీళ్ల పౌరసత్వ దరఖాస్తులను పరిశీలించమని కూడా చెప్పింది. మాకు దొరికిన అవకాశం వీళ్లకి ఎందుకు దొరకకూడదని నేను ఎప్పుడూ అడుగుతుంటాను.

రెడ్‌హిల్స్ డీజిల్ (ఆదివారం మధ్యాహ్నం)

పెద్దాయన గారూ, మీరు చెప్పింది చదివాను. మాస్టారు చెప్పిన కూలీ సంగతి కూడా ఆలోచించాను. సీట్ల విషయంలో స్థానికులకు ముందు అన్న నా మాట మారదు. అయితే నేర్చుకున్నవాడిని కాగితం లేదని ఇంటికి పంపడం ఎవరికీ లాభం కాదని ఒప్పుకుంటాను. మా షెడ్డులో రెండు జెన్‌సెట్‌లు రిపేరులో ఉంటాయి ఎప్పుడూ. కుర్రాడికి ఎలక్ట్రికల్ సైడు చేతికి రావాలంటే శనివారాలు పంపండి. నా దగ్గర వైర్‌మన్ లైసెన్సు ఉన్న మనిషి ఉన్నాడు, నేర్పిస్తాడు.

రిటైర్డ్ ఫిట్టర్ మాస్టారు (ఆదివారం మధ్యాహ్నం)

చాలా సంతోషం.

వర్క్‌షాప్ బాబూ, ఇక మీ పని. ముందు ఐటీఐలో రెగ్యులర్‌గా చేర్చండి. దరఖాస్తు ఆన్‌లైన్, తేదీలు జిల్లా స్కిల్ ట్రైనింగ్ ఆఫీసులో కనుక్కోండి. క్యాంపు కార్డు, టీసీ, మార్కుల జాబితా, ఆధార్ పట్టుకెళ్లండి. సీటు రాకపోతే ఇంకో దారి ఉంది. ట్రేడులో మూడేళ్లు పనిచేసిన అనుభవం ఉంటే ప్రైవేటు అభ్యర్థిగా ట్రేడ్ టెస్టు రాయవచ్చు. దానికి మీ షాపు ఇచ్చే అనుభవ పత్రం కావాలి. ఉత్త లెటర్‌హెడ్ మీద కాదు. హాజరు రిజిస్టరు, జీతం బ్యాంకులో వేసిన లెక్క, నెలనెలా ఏ పని నేర్పారో డైరీ, అన్నీ మొదటి రోజు నుంచి రాయండి. రేపు ఎవరైనా అడిగితే ఆ డైరీయే వాడికి సాక్ష్యం. గ్యాస్ చార్జింగ్, లీక్ టెస్టు, ఆర్-32 గ్యాస్ జాగ్రత్తలు, ఇన్వర్టర్ బోర్డు విడివిడిగా రాయండి.

హైకోర్టు జూనియర్ (ఆదివారం మధ్యాహ్నం)

నేను ఒక ఉత్తరం డ్రాఫ్ట్ చేస్తాను. జిల్లా కలెక్టరుకి, పునరావాస కమిషనరుకి. ఈ విద్యార్థి ఫలానా కోర్సులో ఉన్నాడు, శిక్షణ, అప్రెంటిస్‌షిప్ పూర్తయ్యేదాకా ఉండి పనిచేయడానికి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా ఇవ్వండి అని. ఇస్తే అదే కాగితం కంపెనీలకు చూపించవచ్చు. ఇవ్వకపోతే రిట్ వేయడానికి ఆ జవాబే ఆధారం. జనన నమోదు విషయంలో చెన్నైలోని ఆఫర్ (OfERR) అనే శరణార్థుల సంస్థను కలవమనండి. 1984 నుంచి క్యాంపు కుటుంబాల కాగితాలు చూస్తున్నది వాళ్లే. ఫీజు నాకు వద్దు.

అంబత్తూరు వర్క్‌షాప్ (ఆదివారం రాత్రి)

అందరికీ చేతులెత్తి దణ్ణం. సాయంత్రం పుళల్ వెళ్లి వాళ్ల నాన్నతో మాట్లాడాను. ఆయన మొదట అడిగింది ఒక్కటే, "దీనివల్ల క్యూ బ్రాంచివాళ్లు (నిఘా పోలీసులు) ఇంటికి వస్తారా?" అని. లాయరు గారు రాసింది చదివి వినిపించాను. ఉత్తరం పంపే ముందు క్యాంపు అధికారికి తానే చెప్తానన్నారు, అదే మంచిది.

పిల్లాడు ఐటీఐకి అప్లై చేస్తాడు. సీటు వచ్చినా రాకపోయినా సోమవారం నుంచి సాయంత్రాలు మా షాపులో. జీతం బ్యాంకు ఖాతాలోనే వేస్తాను. శనివారాలు డీజిల్ గారి షెడ్డుకి.

మాస్టారూ, డైరీ ఎలా రాయాలో మా సూపర్‌వైజరుకి ఒకసారి చూపించగలరా? ఎస్టేటులో ఇంకో నలుగురు షాపులవాళ్లు కూడా వింటామన్నారు. ఇద్దరి దగ్గర క్యాంపు కుర్రాళ్లు ఇప్పటికే పనిచేస్తున్నారు, కాగితం లేకుండా.

రిటైర్డ్ ఫిట్టర్ మాస్టారు (ఆదివారం రాత్రి)

బుధవారం పదింటికి వస్తాను. ఆ నలుగుర్నీ, వాళ్ల దగ్గరున్న కుర్రాళ్లనీ కూడా రమ్మనండి. సిలబస్ పుస్తకం నా దగ్గర ఉంది, తెస్తాను.